గట్టెక్కించే గేరు

అశోక్‌నగర్ నాలా పక్క సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజున విద్యావతి జీపు నడివీధిలో ఆగిపోయింది. ఇంజను మాత్రం ఆగలేదు. అది ఎప్పటిలాగే గుర్రుమంటూనే ఉంది. సందు మొదట్లో ఆమె ఎడమచేత్తో చిన్న కడ్డీ లాగి, లో గేరు వేసి, బండిని మెల్లగా నీళ్లలోకి దింపింది. నాలుగు గజాలు పోయిందో లేదో, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు ఠంగుమంది. కడ్డీ దానంతటదే ఊడి మధ్యకు వచ్చేసింది. మళ్లీ వేసింది. మళ్లీ ఊడింది. చివరికి కోచింగ్ సెంటర్ నుంచి బ్యాగులు నెత్తిన పెట్టుకుని వస్తున్న పిల్లలు ప్యాంట్లు మడుచుకుని, వెనకనుంచి తోసి, జీపును మెరక మీదికి ఎక్కించారు.

"దీన్ని మ్యూజియంల పెట్టుండ్రి ఆంటీ," అన్నాడొకడు రొప్పుతూ.

"పక్కన నన్ను గూడ నిలబెడ్తరా?" అంది విద్యావతి.

ఆమెకు అరవై దాటాయి. భూగర్భ జలశాఖలో పనిచేసి రిటైరైంది. రాళ్లను, నేలను చూసి ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చెప్పడం ఆమె పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాలమూరు జిల్లా గుట్టలన్నీ ఈ జీపులోనే తిరిగింది. ఇది పనికిరాదని ఆఫీసువాళ్లు వేలానికి పెట్టినప్పుడు, ఇంకెవరి చేతికో పోవడం చూడలేక పాడుకుని ఇంటికి తెచ్చుకుంది. "పెండ్లిల బంగారం గూడ అడగలే. ఇప్పుడు ఇనుము మీద పడ్డదేంది నీ మనసు?" అన్నాడు భర్త కిషన్ రావు. అన్నాడే గానీ, ప్రతి ఆదివారం పొద్దున బకెట్టు పట్టుకుని దాన్ని కడిగేది ఆయనే.

జీపును నారాయణగూడ ఫ్లైఓవర్ వెనక సందులో రాఘవేంద్ర షెడ్డుకు చేర్చారు. రాఘవేంద్ర రెండు రోజుల్లో దాని పొట్ట విప్పి, గేర్లన్నీ కిరసనాయిల్లో కడిగి, గోనెసంచి మీద పరిచాడు. విద్యావతి వెళ్లేసరికి మేనకోడలు శ్రీదివ్య అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని ఉంది. శ్రీదివ్య బ్యాంకులో పనిచేస్తుంది. సెలవు దొరికితే చాలు, స్నేహితుల జీపుల్లో బురదలోకీ బండల మీదికీ పోతుంది. జీపు పిచ్చిలో అత్తకు దొరికిన తోడు ఆమె ఒక్కతే.

"సూడుండ్రి మేడం, పండ్లెట్ల అరిగినయో," అని రాఘవేంద్ర ఒక గేరు చేతిలో పెట్టాడు. పళ్ల అంచులు చప్పరించిన కలకండలా గుండ్రంగా అయిపోయాయి.

జీపులో గేర్ల పెట్టె వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. రోడ్డు మీద పోవడానికి అందులో ఒక గేరు, గుట్టలెక్కడానికి ఒక గేరు. గుట్టల గేరు వేస్తే చక్రాలు నిదానంగా తిరుగుతాయి, బలం పెరుగుతుంది. అరిగిపోయింది చిన్న కడ్డీ లాగి వేసే ఆ గుట్టల గేరే.

"రెండు తీర్ల చెయ్యొచ్చు," అన్నాడు రాఘవేంద్ర. "పాతది బలాన్ని రెండున్నర రెట్లు చేసేది. అసొంటిదే ఒక సెట్టు నా దగ్గరున్నది, మంచిగున్నది. లేదంటే ఇప్పుడు మూడు రెట్ల పైనయి వస్తున్నయ్. ఈ పెట్టెలనే కూసుంటయ్. రోడ్డు మీద ఏం ఫరక్ రాదు. గుట్టల మాత్రం ఇంకింత మెల్లగ, ఇంకింత బలంగ పోతది."

"నాలుగు రెట్లయి గూడ ఉన్నయ్ గదన్నా," అంది శ్రీదివ్య. "మా దోస్తులు కొందరి బండ్లల్ల అవే."

"దీనికొద్దమ్మా. దీని ఇరుసులు ముసలియి. అంత బలం తట్టుకోవు, పటుక్కున ఇరుగుతయ్. మూడు సాలు."

"అయితే మూడే. ఇంకేం ఆలోచన అత్తా?"

పాతదే వెయ్యి అనే మాట విద్యావతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వాళ్లిద్దరూ తన ముఖం వైపే చూస్తుంటే అనలేకపోయింది. "జర ఆగు రాఘవేంద్రా. రేపో ఎల్లుండో చెప్త," అని లేచింది.

ఆటో ఎక్కకుండా నడిచింది. చిక్కడపల్లి లైబ్రరీ ముందు చెట్ల కింద పిల్లలు చదువుకుంటున్నారు. వాళ్ల పక్కనుంచి పోతున్నా ఆమె కళ్ల ముందు వేరే దారి ఉంది.

అచ్చంపేట దాటాక తుమ్మలగట్టు అని ఒక గుట్ట. దాని నెత్తిన పాతిక గుడిసెల ఊరు. పైకి బండ్ల బాట తప్ప మరో దారి లేదు. అప్పుడు ఆమెకింకా ముప్పై నిండలేదు. డ్రైవరు పీరయ్య గట్టు కింద బండి ఆపి, దిగి, ముందు చక్రాలను చేత్తో తట్టి, మళ్లీ ఎక్కి చిన్న కడ్డీ లాగేవాడు. అక్కడినుంచి జీపు మనిషి నడకతో సమానంగా పోయేది. బుగ్గమ్మ అనే ఆమె కింది వాగులో నీళ్లు ముంచుకుని, నెత్తిన బిందెతో జీపు పక్కనే నడిచేది. ఎక్కి కూర్చో అంటే ఎక్కేది కాదు. "నీళ్లు ఒలికితయమ్మా," అనేది. కిటికీ అంచు మీద చెయ్యి వేసి, గట్టు ఎక్కినంత సేపూ మాట్లాడేది. ఏ పిల్లకు జ్వరం, ఎవరి మేక తప్పిపోయింది, ఏ బావి ఏ నెలలో ఎండింది, అన్నీ. విద్యావతి ఆ ఊరికి ఎన్నోసార్లు పోయింది. చివరికి ఊరి పడమటి వైపు బోరు వేయించింది. నీళ్లు పడ్డాయి.

ఆ దారిలో ఇంకొకటి కూడా ఆమెకు బాగా గుర్తు. సగం ఎక్కాక ఒక మలుపు వచ్చేది. అక్కడికి రాగానే గాలిలో ఒక వాసన తగిలేది. వెచ్చగా, కాస్త చేదుగా, ఏదో ఆకు ఎండకు కమిలినట్టు. ఏ చెట్టుదో ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. ఎక్కడైనా ఎండుటాకులు తగలబెడుతుంటే ఇప్పటికీ ఆమెకు తుమ్మలగట్టే గుర్తొస్తుంది.

గేరు మారిస్తే ఆ నడక మారిపోతుంది కదా అన్నదే ఆమె బెంగ. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ఆదివారం శ్రీదివ్య ఆమెను ఊరి బయట ఒక పాత క్వారీకి తీసుకుపోయి, మూడు రెట్ల గేరు వేయించిన ఒక స్నేహితుడి జీపు తాళం చేతిలో పెట్టింది. "ఒక్కసారి నడిపి సూడత్తా. నచ్చకుంటే మల్ల అడగ."

విద్యావతి క్వారీలోకి దిగే వాలు చూసి భయపడింది. లో గేరు వేసి, క్లచ్ వదిలి, కాళ్లు రెండూ వెనక్కి పెట్టుకుంది. జీపు దానంతటదే వాలు దిగసాగింది. బ్రేకు తొక్కలేదు, క్లచ్ ముట్టలేదు. కాన్పు దగ్గరపడిన ఆవులా ఒక్కో అడుగూ చూసి వేస్తూ దిగింది. రెండేళ్లుగా క్లచ్ తొక్కినప్పుడల్లా కలుక్కుమనే ఎడమ మోకాలు ఆ రోజు నోరెత్తలేదు.

"ఎట్లుంది?"

"మంచిగనే ఉంది," అంది విద్యావతి. నిజానికి చాలా బాగుంది. అదే ఆమెకు మింగుడుపడలేదు.

మర్నాడు అంబర్‌పేట్ పోయింది. పీరయ్య అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. జుట్టంతా నెరిసింది గానీ మనిషి అదే మనిషి. ఆమెను చూడగానే కుర్చీ తుడిచి వేసి, కూతురిని చాయ్ పెట్టమన్నాడు. విద్యావతి విషయమంతా చెప్పింది. పాతదే వేయించండి అంటాడని ఆమె నమ్మకం. ఆ మాట వినడానికే వచ్చింది.

"ఆ గేరు అసొంటిది మల్ల దొరుకుతదా పీరయ్యా? ఎంత నిమ్మళంగ ఎక్కుతుంటిమి!"

పీరయ్య గ్లాసు కింద పెట్టాడు. "నిమ్మళంగనా? మీరు నిమ్మళంగ ఉంటుండ్రి మేడం. నాకు చెమట్లు కారుతుండె."

"ఎందుకు?"

"ఆ మలుపు కాడ గేరు సాలకపోతుండె. ఫస్టుల ఏసినా బండి ఉరుకుతుండె. రాళ్ల మీద గంత జోరు పనికిరాదు. ఉరికిస్తే లోయల పడతం, ఆపితే ఎనకకు జారుతం. అందుకే క్లచ్ సగం తొక్కి, సగం ఇడిసి, అట్లనే బుగ్గమ్మ నడకకు పట్టి ఎక్కిస్తుంటి. దిగుడైతే ఇంక ఎల్లమ్మ తల్లే దిక్కు. గప్పుడు ఇంకింత చిన్న గేరు ఎవరన్న ఇచ్చి ఉంటే ఆయనకు దండేసి మొక్కుతుంటి!"

విద్యావతి చాయ్ ఒక గుక్క తాగింది. తర్వాత అడిగింది. "మరి ఆ మలుపు దగ్గర ఒక వాసన వస్తుండె చూడు. ఏదో చెట్టుది..."

పీరయ్య అర్థం కానట్టు చూశాడు. ఆ తర్వాత భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"చెట్టు గాదు మేడం. గది క్లచ్ ప్లేటు కాలిన వాసన!"

లోపలినుంచి కూతురు ఏమైందోనని తొంగిచూసింది. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. విద్యావతికి ముందు నవ్వు తగ్గింది.

"ఒక్కసారన్న నాకు చెప్పలేదేంది?"

"ఎట్ల చెప్త? మీకంటె ముందు ఆఫీసరు సార్లు గట్టు కింది దాక వచ్చి, మీదికి సూసి వాపస్ పోయిండ్రు. మీరొక్కలే పోదాం పా పీరయ్యా అన్నరు. నాకు భయమైతున్నదని చెప్తే మీరు గూడ మల్ల రాకపోతుండిరి. పైన ఆడోళ్లు బిందెలు మోసుడు సూస్తుంటి గద."

ఇంటికి వస్తూ ఆటోలో ఆమె ఆ మాటే తలచుకుంది. ఇన్నేళ్లూ ఒంటరిగా కూర్చున్నప్పుడల్లా తీసి చూసుకున్న ఆ నిమ్మళమంతా పీరయ్య ఎడమకాలి మీద నడిచింది. అది తెలిశాక ఆ రోజులు చిన్నబోతాయేమో అనుకుంది. చిన్నబోలేదు. ఇప్పుడు వాటిలో ఆమె పక్కన ఇంకో మనిషి కూడా ఉన్నాడు, బిగపట్టిన ఊపిరితో.

విద్యానగర్ దాటకముందే రాఘవేంద్రకు ఫోన్ చేసింది. "మూడుదే వెయ్యి."

"పాతదే అంటరనుకున్న మేడం."

"నేను గూడ అట్లనే అనుకున్న."

గేర్లు బిగించిన రోజు రాఘవేంద్ర జీపును సందులో నడిపి చూపించాడు. చేతికర్రతో పోతున్న ఒక పెద్దాయన జీపును దాటుకుని ముందుకు పోయి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. శ్రీదివ్య ఈల వేసింది.

"పాదం తేలికగ పెట్టుండ్రి," అని మాత్రం రాఘవేంద్ర మరీ మరీ చెప్పాడు. "బలం పెరిగింది బండికే. ఇరుసులు మాత్రం అవే."

దసరా పోయాక ఒక పొద్దున బయల్దేరారు. స్టీరింగు దగ్గర విద్యావతి, పక్కన పీరయ్య, వెనక సీట్లో టిఫిన్ డబ్బాలతో శ్రీదివ్య. అచ్చంపేట దాకా తారురోడ్డు బాగుంది. తుమ్మలగట్టుకు వేరే వైపునుంచి సిమెంటు రోడ్డు పడిందని కింద హోటల్లో చెప్పారు. అయినా పాత బాట ఉందా అని విద్యావతి అడిగింది. ఉంది గానీ మేకలు తప్ప ఎవరూ పోరన్నారు.

గట్టు కింద జీపు ఆపింది. పీరయ్య అలవాటు చొప్పున దిగబోయి, తను డ్రైవరు కాదని గుర్తొచ్చి ఆగాడు. విద్యావతి కడ్డీ లాగింది. జీపు ఎక్కసాగింది. వానలకు కొట్టుకుపోయిన బాటలో బండలు తేలి ఉన్నాయి. ఒక్కో బండనూ చక్రం తడిమి, పట్టు చూసుకుని, ఎక్కింది. మలుపు దగ్గర పీరయ్య ఎడమకాలు తెలియకుండానే నేలను నొక్కింది. విద్యావతి చూసీ చూడనట్టు ఊరుకుంది.

పైన బుగ్గమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నడుం వంగిపోయింది, చూపు మందగించింది. గొంతు మాత్రం అదే.

"ఎప్పుడనంగనో ఇనొచ్చె బండి సప్పుడు! వస్తున్నరని చాయ్ బెడితె చల్లారె. గింత మెల్లగ వస్తరా?"

"కొత్త గేరు వేయించిన బుగ్గమ్మా," అంది విద్యావతి.

"వేయించి గూడ గింతేనా?"

మధ్యాహ్నం దాకా ఆ గుమ్మంలోనే కూర్చున్నారు. బుగ్గమ్మ కొడుకులు, మనవళ్లు, ఊళ్లో పోయినవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు, అందరి ముచ్చట్లూ అయ్యాయి. శ్రీదివ్య బుగ్గమ్మ మంచం అంచున కూర్చుని, ఆమె చెప్పేవన్నీ చెవొగ్గి విన్నది.

సిమెంటు రోడ్డు మీద దిగుదామా అంటే పీరయ్యే పాత బాట అన్నాడు. జీపు ముక్కు కిందికి వంచి దిగసాగింది. విద్యావతి కాళ్లు రెండూ తీసేసి, స్టీరింగు మాత్రం పట్టుకుంది. ఇంజనే బండిని వెనకనుంచి పట్టి ఆపుతున్నట్టుంది. మలుపు తిరిగారు. ఎదురుగా లోయంతా తెరుచుకుంది. జొన్నచేలు, వాటి మధ్య తుమ్మచెట్ల వరస, ఆ వెనక ఎండకు మెరుస్తూ పెద్ద చెరువు. కట్ట మీద తెల్లటి కొంగలు.

పీరయ్య ముందుకు వంగాడు.

"మేడం, ఆ చెరువెప్పుడు తవ్విండ్రు?"

"అది మన తాతల కంటె పాతది పీరయ్యా. మనం తిరిగినప్పుడు గూడ ఉండె."

"ఉండెనా?" అని ఆగాడు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ చూశాడు. "ఎన్నడు సూడలే. ఎన్నిసార్లు దిగినమో! నా కన్ను ముందటి రాయి మీదనే ఉంటుండె."

బండి పక్కకు ఆపనా అని అడగబోయి విద్యావతి మానుకుంది. ఆపాల్సిన పనే లేదు. జీపు అలాగే, తొందరేమీ లేకుండా దిగుతోంది. పీరయ్య కిటికీ మీద మోచెయ్యి ఆనించి, చెరువు కొస నుంచి కొస దాకా తీరిగ్గా చూస్తున్నాడు.