కాగితం మీద ముప్ఫై ఏళ్లు

1983 వేసవిలో బహదూర్‌పురా కుట్టుకేంద్రంలో ఆరు మిషన్లు, పద్నాలుగు మంది ఆడపిల్లలు, వాళ్లందరికీ కుట్టు నేర్పుతూ హడలగొట్టే ఇక్బాలున్నీసా ఉండేవారు. ఆమెను పిల్లలంతా ‘ఆపా’, అంటే అక్కా అని పిలిచేవారు. మిషన్లు డెన్మార్క్‌లోని ఒక మహిళా సంఘం ఇప్పించింది. ఆడవాళ్లను, పిల్లలను మాయమాటలతో దేశాలు దాటించి అమ్మేవాళ్ల నుంచి కాపాడటం ఆ సంఘం పెట్టుకున్న పని. వాళ్ల తరఫున ఇంగ్రిడ్ అనే ఆవిడ ఇక్కడే ఉండి కేంద్రాన్ని చూసుకునేది. ఉర్దూ పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి వాకిట్లో మేకను కూడా ‘మీరు’ అన్నట్టు ‘ఆప్’ అనేది. ఆవిడ పేరు ఇక్బాలున్నీసా నోట్లో పడి ‘అంగూరీ బీ’ అయింది. రెండేళ్లు ఓపిగ్గా సరిదిద్ది, చివరికి ఆవిడే ఆ పేరుకు పలకసాగింది.

చంద్రమ్మ కూతురు సక్కుబాయికి పందొమ్మిదేళ్లు. కాజాలు కుట్టమంటే కబుర్లు చెప్పే రకం. ఒక సోమవారం వస్తూనే చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

“నేను దుబాయి పోతున్న ఆపా. దవాఖానల ఆయా నౌకరి. శుక్రవారమే బొంబాయి రైలు.”

ఆ పూట ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు. కరెంటు పోయి అందరూ విసురుకుంటుంటే, “మా దుబాయిల గిట్ల పోదు” అంది.

“ఇంకా చార్మినార్ దాటలే, అప్పుడే ‘మా దుబాయి’నా?” అంది ఇక్బాలున్నీసా. “ఏదీ, కాగితం చూపెట్టు.”

దుబాయి ఉద్యోగాలు ఇప్పిస్తానని తిరిగే ఏజెంటు వైకుంఠం నింపిన ఇంగ్లీషు దరఖాస్తు నకలు అది. ఇక్బాలున్నీసాకు ఇంగ్లీషు రాదు కానీ, టేపు మీద అంకెలు చదివీ చదివీ అంకెలు బాగా వచ్చు.

“ఏమే పోరీ, గీడ ముప్ఫై అని ఉన్నదేంది?”

“నా వయసు ఆపా. ముప్ఫై అంటే జల్ది పంపుతరంట.”

“మీ అమ్మకు ముప్ఫై ఆరు. అంటే ఆరేండ్లకే నిన్ను కన్నదా?”

మిషన్లన్నీ ఆగిపోయేలా నవ్వారు పిల్లలు. సక్కుబాయి మూతి ముడుచుకుంది. “అందుకే ఎవరికీ చెప్పొద్దన్నడు వైకుంఠం అన్న.”

ఇక్బాలున్నీసా నవ్వు అక్కడే ఆగిపోయింది. “ఎవరికీ చెప్పొద్దన్నడా?”

మధ్యాహ్నం ఇంగ్రిడ్ వచ్చి కాగితమంతా చదివింది. అందులో ఆసుపత్రి చిరునామా ఉంది. దుబాయిలో తమ సంఘానికి తెలిసినవాళ్లకు వెంటనే తంతి కొట్టింది. బుధవారం జవాబు వచ్చింది. ఆ చిరునామాలో ఆసుపత్రి లేదు, ఖర్జూరాల గోదాం ఉంది.

కబురందుకుని కేంద్రానికి వచ్చిన చంద్రమ్మ ఆ మాట విని గోడ పక్కన కూర్చుంది. “నేనే పొమ్మన్న ఆపా. నా చేతుల్తోనే సంచి సదిరిన.”

“నువ్వేం జేస్తవ్? వాడు తీయగ మాట్లాడిండు,” అంది ఇక్బాలున్నీసా ఆమె పక్కనే కూర్చుంటూ. “ఇప్పుడు మనం కూడా తీయగనే మాట్లాడుదం.”

మరో ఐదుగురు పిల్లలు దుబాయి పోతామంటున్నారని వైకుంఠానికి కబురు వెళ్లింది. గురువారం పదింటికల్లా నల్లకళ్లద్దాలతో, తోలుసంచితో వచ్చాడు. “తశ్రీఫ్ రఖియే,” అని కుర్చీ చూపించింది ఇంగ్రిడ్. తెల్లదొరసాని అంత మర్యాద చేసేసరికి మురిసిపోయి కూర్చున్నాడు. చాయ్ సగం తాగాక, ఇంగ్రిడ్ ముందే పిలిపించి లోపలి గదిలో కూర్చోబెట్టిన సబ్‌ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి, “ఆ సంచి ఇటియ్యి,” అన్నాడు.

సంచిలో సక్కుబాయిదీ కలిపి నాలుగు పాస్‌పోర్టులు దొరికాయి. అందరికీ ముప్ఫై ఏళ్లే. వాటితోపాటు ఉన్న ఒక దరఖాస్తు నకలు సైదాబాద్ పిల్ల ఖుద్సియాది. ఆమె మూడు వారాల కిందటే దుబాయి వెళ్లిపోయింది. అసలు వయసు పదిహేడు.

ఆ రోజు నుంచి ఇంగ్రిడ్ తంతి ఆఫీసుకే అంకితమైపోయింది. దుబాయికి, కోపెన్‌హేగన్‌కు, ఢిల్లీకి వరసగా తంతులు, ఉత్తరాలు. జూలైలో ఖుద్సియా ఆచూకీ తెలిసింది. ఒక ఇంట్లో పెట్టి, బయట తాళం వేసి, పొద్దస్తమానం చాకిరీ చేయిస్తున్నారు. సంఘం మనుషులు అక్కడి పోలీసులతో వెళ్లి విడిపించి, ఆగస్టులో బేగంపేట విమానాశ్రయంలో దింపారు.

ఇంటికి చేరింది గానీ ఖుద్సియా మాట్లాడేది కాదు. కేంద్రానికి వచ్చి మిషన్ ముందు ఊరికే కూర్చునేది. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. సక్కుబాయి మాత్రం పక్కనే స్టూలు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాగేది. జూలో కొత్త ఏనుగు గురించి, మల్లెపూల ధర గురించి, ఆపా గురక గురించి.

“ఆ పిల్లను జర ఊపిరి తీసుకోనియ్యవే,” అని ఇక్బాలున్నీసా కసిరినా ఆపలేదు.

మూడోవారం ఏనుగు స్నానం కథ మధ్యలో ఖుద్సియా తలెత్తింది.

“జర చుప్ ఉంటవా? తల నొస్తున్నది.”

సక్కుబాయి స్టూలు తన్నేసి వీధిలోకి పరుగెత్తింది.

“ఆపా! అంగూరీ బీ! ఉరికి రాండ్రి, ఖుద్సియా నన్ను తిట్టింది!”