కిజిలోర్దా దగ్గర సగం దారి

అల్మాతీ నుంచి కాస్పియన్ ఒడ్డున ఉన్న అక్తౌకు రెండువేల కిలోమీటర్ల పైమాటే. ఇప్పటి విమానం మూడు గంటల్లో దించేస్తుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పంకాల విమానం ఉండేది. పొద్దున ఎక్కితే నడుమ కిజిలోర్దాలో దిగి, ఇంధనం పోయించుకుని, సాయంత్రానికి చేరేది. ఆ హోరుకి చెవులు రెండు రోజులు గుయ్యిమనేవి.

ఆ విమానంలోనే మా ఆడపడుచు ఉల్మెకెన్‌ను అత్తారింట్లో దిగబెట్టడానికి బయల్దేరాను. మాలో పెళ్లి అబ్బాయి ఇంట్లోనే జరుగుతుంది; పిల్లను తీసుకెళ్లి అప్పగించడం వదిన పని. పెళ్లికొడుకు సగిందిక్ ఓడరేవులో పనివాడు. అతన్ని ఒక్కసారే చూసింది పిల్ల. పశువైద్యం చదువు మధ్యలో వదిలేసి, పెద్దల మాట కాదనలేక నాతో వచ్చింది.

కిజిలోర్దాలో దుమ్ముగాలి లేచింది. విమానం కదలనంది. అందరం హాల్లో కూర్చుని ఖర్బూజాలు కోసుకు తింటున్నాం. ఉల్మెకెన్ లేచి పైలట్ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఇంకా ఎంత దూరం?"

"సగంలో ఉన్నాం చెల్లెమ్మా. వచ్చిందెంతో పోవాల్సిందీ అంతే."

వచ్చి నా పక్కన కూర్చుంది.

"వదినా, ఇటైనా అటైనా ఒకటే దూరమంట. నేను వెనక్కే పోతా."

"మతి పోయిందా? అక్కడ గొర్రెను కోసుకుని వాకిట్లో కూర్చునుంటారే!"

"విమానం ఆగకపోతే ఈపాటికి దిగిపోయుండేదాన్ని. ఆగింది, ఆలోచించుకున్నా. తిట్టు, కొట్టు. ఎక్కను గాక ఎక్కను."

తిట్టాను. ఇద్దరం ఏడ్చాం. చివరికి దాన్ని రైలెక్కించాను. పెళ్లివారికి ముఖం చాటేయడం మా ఇంటా వంటా లేదు. గాలి తగ్గాక సారెపెట్టెతో నేనొక్కదాన్నే ముందుకెళ్లాను.

సగిందిక్ తల్లి బిబిసారా నా వెనక్కి తొంగి చూసింది. "కోడలేదమ్మా?"

"రాలేదమ్మా. చదువుకుంటానంది. తిట్టాలంటే నన్ను తిట్టండి."

"ముందు లోపలికి రా. ఆకలి మీదున్న మనిషిని ఎలా తిడతాం?"

టీ పోసింది, మాంసం పెట్టింది, తిన్నాక కడుపారా తిట్టింది. గుమ్మంలో నిలబడ్డ సగిందిక్ అన్నాడు: "చాల్లే అమ్మా. వచ్చాక పారిపోకుండా రాకముందే చెప్పింది, నయం కదా!"

ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది.

ఆ తర్వాత ఎన్నేళ్లో ఆ విమానంలో అటు నుంచి బిబిసారా పంపిన ఎండుచేపలు వచ్చాయి, ఇటు నుంచి మా తోట యాపిల్ పళ్లు వెళ్లాయి. విమానంలో పనిచేసే పిల్లలకు మా ఇద్దరి ఇళ్లూ కొట్టినపిండి. పాత దేశం విడిపోయి మాది వేరే దేశం అయ్యాక ఆ విమానం ఆగిపోయింది. తర్వాతి చలికాలం బిబిసారా పోయిందని కబురొచ్చింది. వెళ్లలేకపోయాను.

ఉల్మెకెన్ పశువుల డాక్టరైంది, పెళ్లాడింది, పిల్లల్ని కన్నది. దాని మనవరాలు అక్తౌలోనే స్థిరపడింది. పోయిన నెల ఆ పిల్ల బిడ్డను ఉయ్యాల్లో వేస్తుంటే ఇద్దరం బయల్దేరాం.

"కిజిలోర్దా వచ్చిందా తల్లీ?" దారిలో విమానం పిల్లను అడిగింది ఉల్మెకెన్.

"ఎప్పుడో దాటేశాం పెద్దమ్మా."

"ఆగదా?"

"ఎందుకాగాలి?"

ఉల్మెకెన్ కిటికీకి నుదురానించుకుంది. కింద మబ్బులు తప్ప ఏమీ లేవు.

వేడుకకి సగిందిక్‌నూ పిలిపించాను. బట్టతల, బొజ్జ, పక్కన నవ్వుమొహం భార్య. ఉల్మెకెన్‌ను ఎగాదిగా చూసి, "విమానం బాగా ఆలస్యమైనట్టుందే!" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. డెబ్బై దాటిన మనిషి తలగుడ్డ చెంగుతో మొహం దాచుకుంది.

మర్నాడు ముగ్గురం బిబిసారా సమాధి దగ్గరికి వెళ్లాం. సముద్రం మీంచి గాలి వీస్తోంది. ఉల్మెకెన్ మోకాళ్ల మీద కూర్చుని, దోసిలి పట్టి, తొందరపడకుండా ప్రార్థన చదివింది.