కంచె తీగ మీద వానకోయిలలు

విమానాశ్రయంలో అతని ఉద్యోగం పిట్టల్ని తోలడం. జీపు మీద బిగించిన స్పీకర్లోంచి డేగ అరుపులు వినిపించాలి. అప్పటికీ కదలకపోతే టపాకాయ పిస్తోలు ఆకాశంలోకి పేల్చాలి. తోటివాళ్ళు అతన్ని పిట్టల దొర అని ఏడిపించేవారు. అతనూ నవ్వేసేవాడు.

పిట్టల పేర్లన్నీ అతనికి నేర్పింది అక్క. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, అక్కకి పదిహేడు. పైవాళ్ళ బట్టలు కుడుతూ తమ్ముణ్ణి పెంచింది. పెళ్ళి చూపుల్లో కూడా, "మా తమ్ముడు నాతోనే ఉంటాడు, ఇష్టమైతేనే మాట్లాడుకుందాం" అని తేల్చి చెప్పిందట. బావ సరేనన్నాడు.

"నేను నేర్పింది చూడ్డానికిరా, తోలడానికి కాదు" అనేది, అతనికి ఈ ఉద్యోగం వచ్చాక.

ఏటా వానలు వెనకబడి గాలి చల్లబడే వారంలో, చీలిన తోకల చిన్న పిట్టలు, వానకోయిలలు దిగేవి. వేలకొద్దీ వచ్చి కంచె తీగల మీద వరసగా కూర్చునేవి. గడ్డి మీద ఎగిరే పురుగుల్ని నాలుగైదు రోజులు తిని, ఒకరోజు ఉదయం అన్నీ ఒక్కసారే లేచి దక్షిణానికి వెళ్ళిపోయేవి. అక్క, బావ పాత కారులో కంచె అవతలి రోడ్డు మీదకి వచ్చి చూసేవారు. కానీ ఆ వెళ్ళడం మాత్రం అక్క కంట ఎప్పుడూ పడలేదు. ఒక ఏడు పని తెమలదు, మరో ఏడు తమ్ముడే తోలేస్తాడు.

ఈ ఏడు అక్క ఊపిరితిత్తులు పాడయ్యాయి. చలికాలం దాటడం కష్టమని డాక్టరు వరండాలో బావకీ అతనికీ మెల్లగా చెప్పాడు. అక్కకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు.

"వాటంతట అవి లేచి వెళ్ళడం చూడాలనుందిరా. నువ్వు తోలకుండా, ఒక్కసారి."

"నా చేతిలో ఏముందక్కా?"

"పిస్తోలు" అని నవ్వబోయి, దగ్గుతో వంగిపోయింది.

అతను వెళ్ళి సూపర్‌వైజర్ని బతిమాలాడు. ఏడింటి దాకా విమానాలు లేవు కాబట్టి అప్పటిదాకా పిట్టల జోలికి పోనక్కర్లేదని ఆయన ఒప్పుకున్నాడు.

పిట్టలు దిగిన నాలుగో రోజు తెల్లవారుతూనే బావ కారు వచ్చి కంచె పక్కన ఆగింది. ముందు సీట్లో అక్క, వీపు వెనక రెండు దిండ్లు, కాళ్ళ దగ్గర ఆక్సిజన్ సిలిండరు. తీగల మీద పిట్టలు కుదురుగా లేవు. లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వాలుతున్నాయి. ఇవాళే వెళ్తాయని అతనికి తెలిసిపోయింది.

ఆరూ నలభైకి టవర్ నుంచి పిలుపు వచ్చింది. ఎవరో ప్రయాణికుడికి గుండెపోటు, విమానం దారి మళ్ళించుకుని ఇక్కడ దిగుతోంది, ఎనిమిది నిమిషాల్లో రన్‌వే చుట్టూ ఖాళీ కావాలి.

"ఒక్క పది నిమిషాలాగితే వాటంతటవే వెళ్ళిపోతాయి సార్."

"అందులో నూట యాభై మంది ఉన్నారయ్యా!"

అతను స్పీకరు పెట్టాడు. పిట్టలు లేచి, తిరిగి, అక్కడే వాలాయి. కారు వైపు చూడకుండా పిస్తోలు ఎత్తి పేల్చాడు. ఇంకోసారి పేల్చాడు. తీగలన్నీ ఒక్క క్షణంలో ఖాళీ అయ్యాయి. గుంపు రోడ్డు మీదుగా తిరిగి దక్షిణానికి సాగిపోయింది. మళ్ళీ రాలేదు.

విమానం దిగాక కంచె దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా..."

"వాళ్ళంతా క్షేమంగా దిగారా?"

"దిగారు."

"మరింకేం. నీ పని నువ్వు చేశావు." అద్దం పైకెత్తమని బావకి సైగ చేసింది. "చలేస్తోందండీ, వెళ్దాం."

ఆ తర్వాత తొమ్మిదో రోజున అక్క పోయింది. వారం తర్వాత అతను పనిలో చేరాడు. మైదానంలో తోలడానికి ఏమీ లేదు. అడిగిందల్లా ఒక్క ఉదయం, అది కూడా ఇవ్వలేకపోయానన్న మాట అతన్ని లోపల కోసేస్తూనే ఉంది. అన్నం ముందు కూర్చున్నా అదే, జీపు నడుపుతున్నా అదే.

నెల తిరిగాక, అక్క సగం కుట్టి వదిలేసిన బట్టలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేయడానికి బావతో కలిసి సర్దుతూ, ఆ మాట పైకి అనేశాడు.

బావ చేతిలోని చొక్కా మడతపెట్టి కింద పెట్టాడు.

"మీ అక్క ఆ రోజు పిట్టల్ని చూళ్ళేదురా. వెళ్తున్నాయి, అటు చూడవే అని నేను అరుస్తూనే ఉన్నా. అది నీ వైపే చూస్తోంది. 'అంత మైదానంలో వాడొక్కడే ఎలా నిలబడ్డాడో చూడండి, వాడికి ఎవరున్నారండీ' అంది. ఇంటికెళ్ళేదాకా అదే మాట."

అతను గోడ వైపు తిరిగి, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఏడ్చాడు. బావ ఆపలేదు. లేచి తలుపు గడియ వేసి వచ్చి, పక్కన కూర్చున్నాడు.