డచెస్ నెత్తిమీద నీళ్ళు

"కారుతోందీ!" అని బండి లోపల్నించి నోలీన్ అరిచింది.

సముద్రం మీంచి వచ్చే గాలి చెవులు పిండుతోంది. ఆ గాలిలో పడి దొర్లుకుంటూ ఆ మాట పక్క బండిలో ఉన్న మర్వ్ చెవిదాకా వెళ్ళేసరికి "కారు తోయండీ!" అయి కూర్చుంది. మర్వ్ చెవి మిషనుకి బ్యాటరీ ఉన్నరోజు కంటే లేనిరోజులే ఎక్కువ.

ఆస్ట్రేలియా దక్షిణాన సెడూనా ఊరు దాటాక, బండ్లే ఇళ్ళుగా తిరిగేవాళ్ళు మకాం వేసే ఆ తీరంలో ఇసుకలో బండి దిగబడడం రోజూ ఉండేదే. తోయమని ఎవరైనా పిలిస్తే ఎందుకు, ఏమిటి అని అడిగే అలవాటు అక్కడ లేదు. తాగుతున్న టీ కిందపెట్టి వచ్చి భుజం ఆనించడమే. మర్వ్ పైజమాతోనే పరిగెత్తుకొచ్చాడు. "తోయాలట! రండి రండి!" అని వాడు కేక వేస్తే, పాత అంబులెన్సుని ఇల్లు చేసుకుని ఒంటరిగా తిరిగే స్టావ్రూలా కూడా వచ్చింది. ఇంకో ఇద్దరు వచ్చారు. నలుగురూ బండి ముక్కుకి చేతులానించి "ఊఁ" అన్నారు.

బండి మీద నోలీన్ మొగుడు డెస్ ఉన్నాడన్న సంగతి ఎవరూ చూడలేదు.

డెస్ టాపు మీద మోకాళ్ళ మీద వంగి, చేతిలో సందులు పూడ్చే సిలికాన్ గన్నుతో, టాపులోని గాలికిటికీ చుట్టూ తెల్లటి గీత గీస్తున్నాడు. అది ఆ వారంలో గీసిన ఎన్నో గీతో వాడికే తెలీదు. పొద్దున వాన తగ్గగానే బండిని ముందుకీ వెనక్కీ జరిపి, ముందు చక్రాల కింద పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మలు సర్ది, మట్టం కుదరగానే ఆ సంతోషంలో గేరు వెయ్యడం మరిచి పైకెక్కాడు. చేతిబ్రేకు పేరుకే బ్రేకు. చక్రాలు దిమ్మల మీంచి వెనక్కి దొర్లాయి. డచెస్ అని పేరున్న ఆ బండి ముక్కు దబ్బున కిందికి వాలింది. డెస్ దబ్బున కూర్చుండిపోయాడు. టాపు మీది నీళ్ళు బొళ్ళున ముందుకొచ్చి అద్దం మీదుగా మర్వ్ నెత్తిన పడ్డాయి.

"ఒరేయ్! ఎవడ్రా తోస్తోంది!" అన్నాడు డెస్ పైనుంచి.

"తోయమన్నదెవరు? మీరే కదా!" అన్నాడు మర్వ్ కిందనుంచి, కళ్ళు తుడుచుకుంటూ. "పిలిచి తోయించుకుని, స్నానం చేయించి, ఆపైన తిట్లా గురూ?"

"నేను పిలవలేదు!"

"నువ్వు కాదయ్యా, మీ ఆవిడ!"

నోలీన్ తలుపు తీసుకుని బయటికొచ్చింది, చేతిలో తడిసిన దుప్పటి. "బండెందుకు కదిలిస్తున్నావు? లోపల గ్లాసులన్నీ పోయాయి!" అని మొగుడి మీద విరుచుకుపడింది.

"నేనా? నువ్వే కదా తోయమన్నావట!"

"నేనేం అన్లేదు. నువ్వే అని ఉంటావు. వారం నుంచీ ఊరంతా నీ బండి పనికే కదా!"

మర్వ్ ఇద్దర్నీ చెరో కంటా చూశాడు. "మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుని తేల్చుకోండి. ఈసారి దిగబడితే నన్ను పిలవకండి" అని తడి పైజమా పట్టుకుని వెళ్ళిపోయాడు.

డెస్ నిచ్చెన దిగాడు. దిగుతుంటే ఒకే ఆలోచన. ఈవిడ నన్ను పంపించెయ్యాలనుకుంటోంది. నాతో చెప్పకుండా అందరితో చెప్పి బండితో సహా నన్ను తోయించేస్తోంది.

ఆలోచన తప్పే అయినా అటూ ఇటూగా నిజమే అయింది. తడి దుప్పటి తాడు మీద ఆరేస్తూ నోలీన్ చాలా నెమ్మదిగా చెప్పింది. అరిచినప్పటికంటే ఆవిడ నెమ్మదిగా మాట్లాడితేనే డెస్‌కి భయం.

"డెస్, రేపు మధ్యాహ్నం అడిలైడ్ బస్సుంది. రేపటి వానకి కూడా ఈ మంచం తడిస్తే నేను బస్సెక్కుతాను. నువ్వు దీన్ని బాగుచేసుకుంటూ ఉండు, నీ ఓపిక. తిమింగలాలు చూద్దామని బయల్దేరాను. వారం నుంచీ నీ వీపు చూస్తున్నాను. అదీ టాపు మీద."

"ఇంకొక్క గీత చాలు నోలీన్. ఆ మూల దగ్గర..."

"ఎప్పుడూ ఇంకొక్క గీతే. నీ చేతి గీతా, నా తలరాతా రెండూ ఇంతే!" అని లోపలికెళ్ళి సంచి తీసింది.

డెస్‌కి కాళ్ళు నిలవలేదు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే చేతులు ఊగుతాయి. రిటైరైన దగ్గర్నుంచీ అంతే. నలభయ్యేళ్ళు పోర్ట్ పిరీలో ఇళ్ళకి టైల్స్ పరిచిన మనిషి. ఇంట్లో కూర్చోలేకే ఈ పాత చిన్న మోటార్ హోమ్ కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, దాని నెత్తిన మంచం, వెనక గుక్కెడంత వంటిల్లు. నోలీన్ దానికి డచెస్ అని పేరు పెట్టింది. డచెస్ తీరుగా ఎప్పుడూ ఏదో ఒకటి కావాలనేది. ఈ వారం పంపు, ఆ వారం గ్యాసు పొయ్యి, నిన్న మెట్టు. రిపేరు చేస్తున్నంతసేపూ డెస్‌కి లోపల ఎప్పుడూ తిరిగే ఎలక ఆగుతుంది. రిపేరు అయిపోగానే మళ్ళీ తిరుగుతుంది.

ముందు బండిని దిమ్మల మీదికి ఎక్కించాడు. రసమట్టం తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. బుడగ నడిమధ్యకి వచ్చేదాకా ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. ఆ పాత గ్యాసు ఫ్రిజ్‌కి మట్టం కావాలని అమ్మినవాడు చెప్పాడు. ఫ్రిజ్‌కి ఎంత కావాలో గానీ డెస్‌కి మాత్రం ప్రాణం. పక్క బండ్ల వాళ్ళంతా వచ్చి చెక్క ముక్క వేసి, కంటితో చూసి, టీ పెట్టుకుంటారు. డెస్ టీ కప్పులో టీ కూడా మట్టంగా ఉందో లేదో చూస్తాడు. నడిసముద్రంలో పడవ మీద కూర్చోబెట్టినా వీడు అలని మట్టం చేస్తాడని మర్వ్ ఎప్పుడూ వెక్కిరిస్తాడు.

మధ్యాహ్నం ఒక జల్లు పడి ఆగింది. పడమట మబ్బు నల్లగా పేరుకుంటోంది. ఐదింటికి అందరూ ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని గుండ్రంగా కూర్చున్నారు. సముద్రం వైపు వీళ్ళిద్దరికని రెండు కుర్చీల ఖాళీ వదిలారు. నోలీన్ వెళ్ళలేదు, బట్టలు సర్దుతోంది. డెస్ వెళ్ళలేదు. నిచ్చెనెక్కాడు.

తల పైకి రాగానే ఆగిపోయాడు.

టాపు మీద నాలుగు సీగల్ పక్షులు స్నానం చేస్తున్నాయి.

తల ముంచి, రెక్కలు దులుపుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ, సొంత ఈతకొలను కట్టించుకున్నంత దర్జాగా ఉన్నాయి. ఒకటి డెస్ వైపు చూసింది. తలుపు కొట్టి రాకూడదా అన్నట్టుంది దాని మొహం.

డెస్ "హుష్" అన్నాడు. అవి లేచాయి. నీళ్ళు లేవలేదు. గాలికిటికీ చుట్టూ వాడు గీసిన సిలికాన్ గీతలన్నీ ఒకదాని మీదొకటి పేరుకుని బొటనవేలెత్తున గట్టు కట్టాయి. ఆ గట్టు లోపల వేళ్ళు మునిగేంత నీళ్ళు. బండి మట్టంగా ఉంది కాబట్టి నీళ్ళు ఎటూ పోవు. అక్కడే నింపాదిగా కూర్చుని, కింద మరమేకుల సందుల్లో ఎక్కడ చోటుందా అని వెతుక్కుంటున్నాయి. దొరికింది కూడా. చెక్క వెంటే పాకి, ముందుకొచ్చి, మంచం నెత్తిన.

జేబులోని రసమట్టం తీసి నీళ్ళలోనే పెట్టాడు. బుడగ నడిమధ్యన.

పొట్ట చెక్కలయ్యే నవ్వొకటి, సిగ్గొకటి, రెండూ కలిసి పైకొచ్చాయి. నలభయ్యేళ్ళు ఎన్ని బాత్రూములు పరిచాడు! నీళ్ళు నిలిచే నేల పరిచినవాడు టైల్స్ మనిషే కాదని పని నేర్చుకునే కుర్రాళ్ళని ఎన్ని తిట్లు తిట్టాడు! ముందు నీళ్ళు జారే వాటం ఇవ్వండ్రా, తరవాత అందం. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ పుయ్యకండ్రా, అది అతుక్కోదు, వేషాలు వేస్తుంది. అన్నీ తనకి కంఠతా వచ్చిన పాఠాలే. ఊళ్ళో వాళ్ళందరి నేలకీ వాటం ఇచ్చి, సొంత ఇంటి నెత్తిన చెరువు తవ్వుకున్నాడు. వాటమైన మనిషి అని నోలీన్ పెళ్ళికి ముందు వాళ్ళమ్మతో అందట!

"నోలీన్!"

"ఏంటి?" లోపలినుంచి, జిప్పు వేస్తున్న చప్పుడుతో పాటు.

"ఒకసారి పైకొస్తావా?"

"వారం నుంచీ పైన నువ్వు ఉన్నావుగా, చాలదా?"

కానీ వచ్చింది. నిచ్చెన మీద నిలబడి నీళ్ళని చూసింది, గట్టుని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇది నువ్వు కట్టిందేనా?"

"నేనే."

"వారం రోజులు?"

"ఈ వారం ఇక్కడ. అంతకుముందు పోర్ట్ అగస్టాలో కొంత."

"మట్టం, మట్టం అని నా మంచాన్ని మట్టుపెట్టావు కదయ్యా" అంది నోలీన్. నవ్వలేదు. కానీ కిందికి దిగి జిప్పు చప్పుడు మళ్ళీ చెయ్యలేదు. డెస్ చెవులు రిక్కించి విన్నాడు.

ఇంక ఆ మబ్బుకీ వాడికీ పందెం. పాత సిలికాన్ అంతా గీకెయ్యాలి. ఇనప గరిటె వాడితే టాపు గీసుకుపోతుంది. స్టావ్రూలా కుర్చీ వదిలి వచ్చి ఒక చెక్క గరిటె అందించింది. "మా ఆయనది. ఆలివ్ నూనె జాడీలు గీకేవాడు. విరిగితే ఏడవను, పోతే ఏడుస్తాను" అంది. డెస్ గీకాడు. రబ్బరు తోకల్లా, పాముల్లా, పొరలు పొరలుగా ఊడొచ్చింది. కింద మరమేకులు తుప్పు పట్టి పళ్ళలా వదులయ్యాయి. ఒక్కోటీ తీసి కొంచెం లావువి బిగించాడు. కిటికీ చట్రం కింద బంకలాంటి మెత్తటి టేపు వేసి కూర్చోబెట్టాడు. తడి తుడిచి, పైన ఒకే ఒక్క గీత గీశాడు. పల్చగా. ఇంకో గీత గియ్యాలని చెయ్యి దురద పెట్టింది. గన్ను నోలీన్‌కి ఇచ్చి "దాచెయ్" అన్నాడు.

అసలు పని తరవాత. దిమ్మలు తియ్యాలి.

వెలుతురు పోయేలోగా బండిని దిమ్మల మీంచి దింపాడు. నేల వాలు సముద్రం వైపే. డచెస్ ముక్కు కిందికి వంచుకుని, అద్దం మీదుగా నీళ్ళు జారేట్టు నిలబడింది. అవే దిమ్మల్ని ఈసారి ఎత్తుకి కాకుండా అడ్డుకి, చక్రాల ముందు పెట్టాడు. గేరు వేశాడు. రెండుసార్లు చూసుకున్నాడు. రసమట్టం తీయబోయాడు.

"అది కూడా ఇటివ్వు" అంది నోలీన్ చెయ్యి చాపి.

"ఫ్రిజ్..."

"వేలెడు వాలుకి ఫ్రిజ్ చచ్చిపోదు. చస్తే వెన్న పోతుంది. ఇవ్వు."

ఇచ్చాడు. ఆ రాత్రి తల కిందికి జారినట్టు, కాళ్ళు పైకి తేలినట్టు అనిపించి, అటు దొర్లి, ఇటు దొర్లి, దిండు తిప్పి, మొత్తానికి ఎలాగో పడుకున్నాడు.

పొద్దున పెద్ద వాన. మామూలు వాన కాదు, సముద్రం లేచి నడిచొచ్చినట్టు. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని కప్పు కేసి చూస్తున్నారు. నోలీన్ సంచి తలుపు దగ్గర ఉంది. జిప్పు వేసే ఉంది. డెస్‌కి చెయ్యడానికి పనేం లేదు. జీవితంలో అంత కష్టమైన పని వాడెప్పుడూ చెయ్యలేదు. మోకాలు ఊగింది. నోలీన్ దాని మీద చెయ్యి వేసి నొక్కింది. ఇంకో మోకాలు ఊగింది.

కప్పు మీద డప్పులు. అద్దం మీద ఏరు. పాత మరక ఆరిన చోట అలాగే ఉంది. గోధుమరంగు అంచుతో, చిన్న దేశం పటంలా. అది పెరుగుతుందా? నోలీన్ చెయ్యి చాపి వేలితో తాకింది. వేలు చూసుకుంది. రెండో చేత్తో తాకింది. దుప్పటి తడిమింది, దిండు తడిమింది, మొగుడి బట్టతల తడిమింది.

అప్పుడు ఉన్నట్టుండి కిటికీ తీసి, వానలోకి తల పెట్టి, ఊరంతా వినేలా అరిచింది.

"కారట్లేదూ!"

తడిసిన తల లోపలికి లాక్కుంది. సంచి జిప్పు లాగింది. తిమింగలాలకని పెట్టుకున్న దుర్భిణీ పైకి తీసి, పక్కన పెట్టింది. డెస్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాడి మోకాలు ఆగిపోయింది.

అప్పుడు తలుపు దబదబ బాదారు.

తీస్తే మర్వ్. నెత్తిన తువ్వాలు, పైజమా మోకాళ్ళదాకా తడి, రెండు చేతుల్లో ఆకులతో సహా క్యారెట్ల కట్ట. నిన్నటి కోపం ఇంకా మొహాన ఉంది కానీ క్యారెట్లు ముందుకే చాచాడు.

"ఇదిగో! తొయ్యమంటే తిట్టారు. క్యారెట్ లేదంటే ఊరుకోలేక తెచ్చాను. ఇంత వానలో క్యారెట్లేం చేసుకుంటారో నాకనవసరం!"

నోలీన్ నోరు తెరిచింది. డెస్ నోరు తెరిచాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"క్యారెట్ లేదని ఎవరన్నారు?"

"నువ్వేనమ్మా! కిటికీ తీసి మరీ! 'క్యారెట్ లేదూ' అని!"

నోలీన్ మెట్టు మీదే కూలబడింది. నవ్వుకి ఊపిరాడక చేతులూపుతోంది. ఆవిడ ఊపు చూసి ఏదో ప్రమాదమనుకుని స్టావ్రూలా గొడుగుతో వచ్చింది, వెనకే మిగతా ఇద్దరూ. ఆ చిన్న బండిలో అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. మోచేతులు పొయ్యికి, వీపులు ఫ్రిజ్‌కి తగులుతున్నాయి.

"వినండి, అందరూ వినండి" అంది నోలీన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడు నేనన్నది, కప్పు కా-ర-ట్లే-దు అని. నీళ్ళు! నీళ్ళు కారట్లేదు! నిన్న అన్నది కా-రు-తోం-ది అని."

మర్వ్ చెవి మిషను తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే... కారు తోయమన్లేదా?"

"అన్లేదు."

"నన్ను పంపించెయ్యడానికి నువ్వు వీళ్ళని పిలవలేదా?" అన్నాడు డెస్ పెళ్ళాంతో.

"నిన్ను పంపాలంటే నలుగురెందుకయ్యా, నేను చాలనా?"

మర్వ్ ఇంకా చేతిలో క్యారెట్లతో అలాగే నిలబడి ఆలోచిస్తున్నాడు. "అసలు ఇది వ్యాను కదా, కారు అన్నారేంటా అని నాకు నిన్ననే అనుమానమొచ్చింది. మరి ఎవరూ తోయమనకపోతే నేనెందుకు తోశాను?"

స్టావ్రూలా వాడి చేతిలోంచి ఒక క్యారెట్ లాగి కటుక్కున కొరికింది.

"ఏమీ తోచక తోశావులే, కూర్చో" అంది.