గంజిమూత గుండె

నేను ఒక గిటారుని. ఒళ్ళు పనసచెక్క, మెడ టేకు, గుండె మాత్రం అల్యూమినియం, నా మోతంతా అందులోంచే. ఆ గుండె కోసమే రాజమండ్రిలో ఓ వంటింట్లో పొద్దుట్నుంచీ యుద్ధం జరుగుతోంది. నేనింకా పూర్తిగా పుట్టనేలేదు, అప్పుడే తల్లీకొడుకులు నా మూలంగా మాటామాటా అనుకుంటున్నారు.

“మూతే కదమ్మా!” అంటున్నాడు దేవసహాయం.

“మూతేనా? నేను కాపరానికొచ్చినప్పుడు మా అమ్మ పెట్టిన మూతరా ఇది! గంజి వారిస్తే ఒక్క మెతుకు జారదు. రోజంతా మూతలు చేసే పనేగా నీది? అక్కణ్ణుంచి తెచ్చుకో” అంది కరుణమ్మ, మూతని చంకలో బిగించి.

ఆమె అన్నదీ నిజమే. దేవసహాయం గిన్నెల కార్ఖానాలో లేతు మిషను మీద అల్యూమినియం రేకు తిప్పుతూ మూతలు లాగుతాడు. కొత్త రేకుని గిన్నెలా లాగి నా పొట్టలో అమర్చాడు కూడా. దానిమీద తీగలు బిగించి మీటితే, జలుబు చేసిన పెళ్ళిపెద్దలా బొంగురుపోయాను! రేకు మందం మరి. పల్చటిది తెస్తే లేతు మీదే చిరిగిపోయింది. కరుణమ్మ మూత ఏళ్ళ తరబడి బూడిదా కొబ్బరిపీచూ తిని కాగితంలా పల్చబడింది. నడుమ ఉబ్బెత్తు. గోరు తగిల్తే చాలు, పలుకుతుంది.

ఇంత ఆరాటమూ అతని భార్య సలోమి కోసం. చర్చిలో కీర్తన ఎత్తితే సలోమి గిటారు వినబడాల్సిందే. కీళ్ళవాపుతో ఎడమచేతి వేళ్ళు ముడుచుకుపోయాక తీగలు నొక్కలేక, పాత గిటారుని సండేస్కూలుకిచ్చేసి వచ్చింది. ఆవేళంతా బీరువా సర్దుతూనే ఉంది. మనుషులు భలేవాళ్ళు, ఏడుపొస్తే బట్టలు మడతపెడతారు!

నా సంగతి వేరు. నన్ను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టాలి. నా తీగలు ఎత్తున ఉంటాయి. నొక్కే పనే లేదు, ఉక్కు కడ్డీ పట్టుకుని పైన జార్చడమే. దేవసహాయం ఫోన్లో అలాంటి గిటారుని చూసిన రోజున అన్నం కూడా మర్చిపోయాడు.

“ఆపండింక” అంది సలోమి గుమ్మంలో నిలబడి. “నాకోసం అత్తయ్యగారి వస్తువు లాక్కోవడం దేనికి? నా పాట అయిపోయింది, వదిలేయండి.” ఆ వెంటనే లోపలికెళ్ళిపోయింది. బీరువా తలుపు చప్పుడైంది.

కరుణమ్మ ఆ చప్పుడు విన్నది. చంకలో మూత తీసి, వేలి కణుపుతో ఓసారి కొట్టింది. ఖంగుమంది! తెచ్చి కొడుకు చేతిలో పడేసింది.

“పాడుచేశావో, గంజి నీ నెత్తిమీద వారుస్తాను.”

అబ్బ, ఆ గంట ఎలా గడిచిందో! మూత పిడి ఊడింది, అంచు తెగింది, నా పొట్టలో కుదురుకుంది. పైన ఇత్తడి జల్లెడ బిళ్ళ బిగిసింది. తీగలు మెలిపడుతుంటే నా చెక్కంతా జిల్లుమంది. కూతురు కెజియా వాళ్ళమ్మని చెయ్యిపట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

సలోమి వంకర వేళ్ళ మధ్య కడ్డీ పక్కకి జారింది. మొదటి మీటుకి కుయ్యిమన్నాను.

“అమ్మా, పిల్లి తోక తొక్కావే!” అంది కెజియా.

“నోర్ముయ్యవే” అంది సలోమి నవ్వుతూ. మళ్ళీ జార్చింది. ఈసారి నెమ్మదిగా. నా గుండెలోంచి స్వరం లేచి, కిటికీ ఊచలు తాకి, వీధిలోకి దూకింది. ఎదురింటావిడ చీపురు పట్టుకునే బయటికొచ్చింది. మైకు లేదు, కరెంటు లేదు, గంజి వార్చే మూత అంత గొంతెత్తింది! సలోమి కీర్తన మొదటి చరణం దాటి రెండోదానికొచ్చేసరికి కరుణమ్మ గరిటె పట్టుకునే పాట అందుకుంది. శ్రుతి తప్పింది. నేను సర్దుకున్నాను.

ఆ సాయంత్రం కంచం అడ్డుపెట్టి గంజి వారిస్తే సగం మెతుకులు తూములోకి పోయాయి. కరుణమ్మ మిగిలిన అన్నాన్నే గిన్నెలోకి సర్దింది. అందరూ కూర్చున్నారు. గోడవార నేను.

సలోమి అన్నం వడ్డిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, మెల్లిగా అంది:

“మట్టల ఆదివారం చర్చిలో కీర్తన నేనే వాయిస్తాను. పాస్టరుగారికి కబురు పెట్టేశాను.”