ముందు విత్తనం చూడాలి

నేను ఒక నైట్రోజన్ క్యాన్‌ని. బిందెంత ఒళ్లు, పిడికిలంత మెడ. రెండు పొరల అల్యూమినియంతో నన్ను చేసి, మధ్యలో గాలంతా లాగేశారు. నా కడుపులో ద్రవ నైట్రోజన్, ఎముకలు కొరికే చలి. ఆ చలిలో సన్నటి గొట్టాలు, వాటిలో మేలుజాతి దున్నపోతుల వీర్యం. పశువుల ఆసుపత్రివాళ్లు నన్ను వెంగయ్యకు అప్పగించారు. ఎదకొచ్చిన గేదెలకు సూడి కట్టేందుకు ఆ వీర్యం ఎక్కించే గోపాలమిత్ర అతను.

పన్నెండేళ్లు అతని బండి వెనక ఊళ్లన్నీ తిరిగాను. చెయ్యి మంచిదని పేరు. గేదె సూడి నిలవడం లేదని ఎవరైనా సంతకు తోలబోతే వెంగయ్య అడ్డం పడేవాడు. గేదెదేం తప్పు, ముందు విత్తనం చూడాలి అనేవాడు. రైతులు తలలూపేవాళ్లు. నేనూ మురిసిపోయేదాన్ని.

ఆ పాఠం అతని ఇంటి గడప మాత్రం తొక్కలేదు. పెళ్లై పదహారేళ్లయినా పిల్లల్లేరు. భార్య కోటేశ్వరిని తిప్పని ఆసుపత్రి లేదు, మింగించని మాత్ర లేదు. ప్రతి డాక్టరూ నీ పరీక్ష కూడా చేయించుకోవయ్యా అంటే, ఎక్కడో గేదె ఎదకొచ్చిందని నన్ను బండికి కట్టుకుని జారుకునేవాడు. అతని వంకకు నేను దొరికాను. అంత చలి కడుపులో పెట్టుకుని కూడా నాకు ఒళ్లు మండేది.

ఒక పొద్దున నన్ను బండికి కడుతుంటే కోటేశ్వరి వచ్చి తాడు పట్టుకుంది.

"గేదెకున్న న్యాయం నాకు లేదా అయ్యా? ముందు నీ ఇత్తనం చూపిచ్చుకో."

వెంగయ్య నన్ను బండి మీంచి కిందికి దించాడు. ఆ వారమే ఇద్దరూ ఒంగోలు వెళ్లారు. పరీక్ష చేసి, వెంగయ్యకు వీర్యకణాలు బాగా తక్కువన్నారట. అయినా పరవాలేదు, మైక్రోస్కోపులో చూసి ఒక్క మంచి కణాన్ని ఏరి సూదితో అండంలోకి ఎక్కిస్తాం, ఒక్కటి చాలు అన్నారట. రెండుసార్లు ఎక్కించారు. నిలవలేదు. నలభై దగ్గరపడిన కోటేశ్వరికి ఇక మంచి అండాలు లేవని, అయిదారేళ్ల ముందొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరమ్మ చెప్పిందట. వెంగయ్య ఈ సంగతి పశువుల డాక్టరుకు చెబుతూ నా మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

పోయిన నెల నా పొరల మధ్యకు గాలి చేరింది. పొద్దున్నే మెడ చుట్టూ మంచు పట్టింది. వెంగయ్య వెంటనే పసిగట్టాడు. పుల్ల దింపి లోపలి ద్రవం కొలిచాడు, ఒక గొట్టం తీసి మైక్రోస్కోపు కింద పెట్టించాడు. మధ్యాహ్నానికి నన్ను పనికిరాదని తేల్చి, ఆసుపత్రి వెనక గదిలో విరిగిన బల్లల పక్కన పడేశారు.

పడేస్తే పడేశారు, చెడిపోయినదాన్నే కదా. కానీ ఒక్కటి మాత్రం మింగుడుపడదు. నా తప్పు వెతకడానికి వెంగయ్యకు ఒక్క పూట చాలింది. తన తప్పు వెతకడానికి పదహారేళ్లు పట్టింది.