పేజీకి నలభై ఒక్క కోట్ల వరుసలు

మా అత్తగారు ఎవరి మాటా ఓ పట్టాన నమ్మరు. వాన తగ్గిందని చెప్పినా కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటారు. అలాంటి మనిషి పదకొండేళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రామును నేను మీటింగులో అందరి ముందూ తప్పుల తడక అనేశాను.

మాది చూపులేని పిల్లలకు పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సు. కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రాన్ని నడిపేది ఆవిడ ప్రోగ్రామే. ఆవిడ రిటైరయ్యాక ఆ పని నా నెత్తిన పడింది. అసలు కోడ్ ఉన్న డిస్కు ఎప్పుడో పాడైపోయింది. పాత కంపైలర్ దాన్ని యంత్రభాషలోకి మార్చిపెట్టిన ఫైలు, దానికి ఏయే వివరాలు అందించాలో చెప్పే ఒక పేజీ మాత్రం మిగిలాయి. దానికి వివరాలు పంపే మిగతా భాగమంతా నేను కొత్త కంపైలర్‌తో కట్టి ఆ ఫైలుతో కలిపాను. అంతే, యంత్రానికి పిచ్చెక్కింది. ఇరవై ఐదు వరుసలయ్యాక కొత్త కాగితం తీసుకోవాల్సింది పోయి, అంచు దాటి రోలరు మీదే చుక్కలు పొడవసాగింది.

మేనేజరు శుక్రవారం తేల్చి చెప్పేశాడు. సోమవారం మధ్యాహ్నానికి ఒక్క పేజీ అయినా సరిగ్గా రాకపోతే పాత ప్రోగ్రామును పారేస్తామన్నాడు. కొత్తది రాయాలంటే ఏడాది పడుతుంది. అప్పటిదాకా పిల్లలకు పుస్తకాలుండవు.

శనివారం పొద్దున అత్తగారి ముందు కూర్చుని, మీటింగులో నేనన్న మాటతో సహా అంతా చెప్పేశాను. మా ఆయన పేపరు మడిచి మెల్లగా బాల్కనీలోకి జారుకున్నాడు. ఆవిడ మాత్రం కోప్పడలేదు.

"వరుసలు ఎన్నని పంపావు?"

"ఇరవై ఐదు అత్తయ్యా."

"పంపింది సరే. దానికి అందింది ఎంతో చూశావా?"

చూడలేదు. అందిన ప్రతి అంకెనూ ఆవిడ ప్రోగ్రాము ఒక ఫైల్లో రాసిపెడుతుందని కూడా నాకు తెలియదు. తెరిచి చూశాను. పేజీకి 41,94,30,400 వరుసలట. పాపం, యంత్రం చెప్పినట్టే చేస్తోంది.

ఆవిడ గళ్ల కాగితం మీద ఆ అంకెను ఇరవై ఐదుతో భాగించారు. 1,67,77,216 వచ్చింది. కళ్లజోడు పైకి తోసుకుని నవ్వారు.

"రెండు వందల యాభై ఆరుని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేది ఇదే. నీ ఇరవై ఐదు మూడు గళ్లు పక్కకి జరిగిందమ్మాయ్."

ఒక గడి అంటే ఒక బైటు, కంప్యూటరు అంకెలు దాచుకునే చిన్న అర. అంకె ఒక్కో గడి జరిగినప్పుడల్లా విలువ రెండు వందల యాభై ఆరు రెట్లవుతుంది. వరుసల లెక్కకు ముందు ఉండే వివరం, అచ్చు ఒకవైపా, రెండువైపులా అన్నది. దానికి పాత కంపైలర్ ఒక్క గడి ఇస్తే, కొత్తది ధారాళంగా నాలుగు ఇచ్చింది. ఎవరి పద్ధతిలో వాళ్లు సరిగ్గానే ఉన్నారు, ఒకరితో ఒకరికి పొత్తు కుదరలేదంతే. వివరాల మధ్య ఖాళీలు వదలొద్దని కొత్తదానికి నేను ముందే చెప్పి చూశాను. వివరమే ఒళ్లు చేసిందని నాకు తట్టలేదు. దానికి ఒక్క గడి చాలని ఒక్క లైను రాశాను. వివరాలన్నిటికీ కలిపి పట్టే పన్నెండు గళ్లు తొమ్మిదయ్యాయి.

సోమవారం అత్తగారూ వచ్చారు. యంత్రం ఒక పేజీ పొడిచి, ఆగి, బుద్ధిగా రెండో కాగితం అందుకుంది. మా ప్రూఫ్ రీడరు మాస్టారు పుట్టుకతోనే చూపులేనివారు. మొదటి పేజీని వేళ్లతో తడిమి, ఇరవై ఐదు వరుసలూ ఉన్నాయని, ఒక్క చుక్క కూడా తప్పు పోలేదని అన్నారు.

పాత ప్రోగ్రాములో తప్పు ఎక్కడ దొరికిందని మేనేజరు అడిగాడు.

"అందులో తప్పేమీ లేదు సార్. తప్పు నాది. ఆ రోజు అందరి ముందూ అన్నాను కాబట్టి, అందరి ముందే చెప్తున్నాను."

అత్తగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "సరిచేసింది కూడా తనే. మా కోడలు."

పెళ్లయిన తొమ్మిదేళ్లలో పదిమందిలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆనందం పట్టలేక అక్కడే ఏడ్చేశాను. యంత్రం మాత్రం ఆగలేదు. సాయంత్రానికి ఐదో తరగతి పుస్తకం మొత్తం బయటికొచ్చింది.